పిట్ట ముట్టని గ్లాసు

చిరంజీవి చక్రపాణికి నాయిన దీవించి రాస్తున్నది.

ఆపిల్ జ్యూసు సంగతి నేను మరిచిపోలేదు. క్షేమ సమాచారం మొదట రాయాలని రాత్రిబడిలో పంతులు నేర్పాడు. కానీ ఆరేళ్లు కడుపులో పెట్టుకున్నది ముందు బయటికి రాకపోతే నా చేయి ముందుకు నడవదు. అందుకని అదే ముందు రాస్తున్నాను.

మీ అమ్మ అమెరికాలో, మీ ఊరు బాతెల్‌లో నీ ఇంట్లోనే పోయింది. మూడో రోజు పిట్టకు పెట్టాం. మనిషి బతికుండగా ఏం తిన్నదో, ఏం తాగిందో అది పెట్టాలి. పిట్ట వచ్చి ముడితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఇంకా ఏదో కోరి ఇక్కడే తిరుగుతున్నట్టు. ఇది నీకు తెలియనిది కాదు. మీ తాత పోయినప్పుడు నువ్వే నా పక్కన నిలబడి పెట్టావు. మీ అమ్మ తాగింది కల్లు. అది మీ ఊళ్లో దొరకదని నాకూ తెలుసు. కనీసం ఒక బీరు సీసా తెచ్చి గ్లాసులో పొయ్యమన్నాను. నువ్వు నన్ను వంటగది పక్కకు పిలిచావు.

"నాయినా, ఇయ్యాల గుడి కమిటోళ్లు వస్తున్నరు. రేష్మ వాళ్ల అమ్మానాన్న ఉన్నరు. మా అమ్మకు బీరు పెట్టిన్నంటే నా ఇజ్జత్ ఏమైతది?"

"మీ అమ్మ తాగింది గదరా."

"తాగిందని అందరికి చెప్తవా? ఆపిల్ జ్యూస్ పోద్దాం. రంగు ఒక్కటే గదా, ఎవరికి తెలుస్తది?"

మీ అమ్మకు తెలుస్తుంది. ఆ మాట అప్పుడు నా నోటికి రాలేదు. ఆరేళ్లుగా వస్తూనే ఉంది.

మీ ఊళ్లో కాకులకు కరువా? చలికాలం సాయంత్రమైతే ఆకాశం నల్లబడేటట్టు వేలకు వేలు వచ్చి ఆ కాలేజీ పక్క చెట్ల మీద వాలతాయి. జనం కార్లు ఆపుకొని చూస్తారు. అన్ని కాకుల్లో ఒక్కటి కూడా మీ అమ్మ విస్తరి దగ్గరికి, ఆ జ్యూసు గ్లాసు దగ్గరికి రాలేదు. రెండు మాత్రం ఫెన్సింగ్ మీద కూర్చుని చూసి లేచిపోయాయి. చివరికి ఒక ఉడుత వచ్చి బూరె ముక్క ఎత్తుకుపోయింది. "ఉడుత ముట్టింది, చాలు నాయినా, చలి పెడుతున్నది" అని నువ్వు అందరినీ లోపలికి పంపావు. ఉడుత ముడితే చాలని నీకు ఏ పెద్దమనిషి చెప్పాడో నాకు ఈనాటికీ తెలియదు. నేనొక్కణ్నే అక్కడ నిలబడ్డాను. ఆ వారమే బిడ్డ గిరిజ దగ్గరికి, ఈ పెన్సిల్వేనియాకు వచ్చేశాను.

ఇప్పుడు క్షేమం. గిరిజ, అల్లుడు శ్యామ్‌సుందర్, మనవరాలు అవని బాగున్నారు. గిరిజకు ఆస్పత్రి ఫార్మసీలో పని ఎక్కువైంది, ఇంటికి వచ్చి నిలబడే అన్నం తింటుంది. అవని చదువు అయిపోయింది, ఉద్యోగం ఇంకా దొరకలేదు. పొద్దంతా కంప్యూటర్‌లో దరఖాస్తులు పెట్టి నా దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. నువ్వూ కోడలు రేష్మా పిల్లవాడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్‌లో పెడతావు. వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. ఇది నువ్వొక్కడివే చదవవలసినది. ఇది రాయడానికి నాకు వారం పట్టింది, తప్పులుంటే నవ్వుకో, కానీ చివరిదాకా చదువు.

పోయిన నెల నువ్వు గిరిజ ఫోన్‌కు పంపిన దాన్ని ఆమె నాకు చదివి వినిపించింది. అడిగినవాటికి జవాబు చెబుతున్నాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. గిరిజ ఉండగా వేసుకోకుండా తప్పించుకోవడం ఎవరి తరం? చలి ఇంకా మొదలు కాలేదు, నువ్వు పంపిన కోటు బాగుంది, చేతులు పొడవు. బాతెల్ వచ్చి ఉండమని రేష్మ అడిగిందన్నావు. ఆమె మంచిది, ఆమె మీద నాకేమీ లేదు. కానీ నేను రాను. ఆ పెరట్లోకి చూస్తూ కాఫీ తాగలేను.

ఇక, "నాయిన రోజూ బార్‌కు పోతున్నడట, నిజమేనా?" అని అడిగావు. రోజూ కాదు, శనివారం శనివారం. బార్ కాదు, బీరు కాచే చోటు. ఎవరు చెప్పారో గానీ సగమే చెప్పారు. మిగతా సగం నేను చెబుతాను.

ఈ పెన్సిల్వేనియా ఊరు ఎంతుంటుందని? ఒక బజారు వీధి, రెండు చర్చీలు, మూతపడిన బూట్ల ఫ్యాక్టరీ. ఆ వీధి చివర పాత ఫైర్ స్టేషన్ ఉంది. మంటల బండ్లు నిలిపే చోట ఇప్పుడు పెద్ద పెద్ద స్టీలు డ్రమ్ములు పెట్టి వాల్ట్ అనే మనిషి బీరు కాస్తాడు. నా కంటే పదేళ్లు చిన్నవాడేమో. గడ్డం బొడ్డుదాకా ఉంటుంది. అతనికి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు, అందుకే మా మధ్య ఇంతవరకు ఒక్క తగాదా లేదు.

రెండేళ్ల కింద ఎండాకాలం శ్యామ్‌సుందర్ మమ్మల్ని మొదటిసారి తీసుకుపోయాడు. లోపలికి పోగానే మొలకెత్తిన గింజలు వేయించిన వాసన. ఒక చెక్క మీద నాలుగు గుంటలు చేసి, నాలుగు చిన్న గ్లాసులు నిలబెట్టి నా ముందు పెట్టారు.

"తాతా, ఇది టేస్టింగ్. కొంచెం సిప్ చేయి, తర్వాత ఏది నచ్చింది చెప్పు" అన్నది అవని.

"గింత గింత గ్లాసులేంది బిడ్డా? దగ్గు మందు తాపిస్తున్నరా?"

"మొత్తం ఒకటేసారి తాగకు, ప్లీజ్. అందరూ చూస్తారు."

"చూడనీయ్. నేను తాగుడు చూసినోళ్లు చెడిపోయిండ్రా ఏంది?"

మొదటిది నల్లగా ఉంది, పెనం మీద మాడిన జొన్నరొట్టె రుచి. రెండోది వేపపుల్ల నమిలినట్టు చేదు. దాని కోసమే జనం దూరం నుంచి వస్తారట, వాళ్ల నోళ్లకు ఏ జబ్బు చేసిందో. మూడోది గోధుమలది, పసిపిల్లకు పోయవచ్చు. నాలుగోది నోట్లో పెట్టాక నేను గ్లాసు దించలేదు.

అది పులిసిన బీరు. స్టీలు డ్రమ్ముల్లోది కాదు, వెనక గదిలో పాత చెక్క పీపాల్లో ఏడాది నిలవ పెట్టింది. చక్రపాణీ, అది కల్లు కాదు. కానీ కల్లుకు దాయాది. నాలుక పక్కలు జివ్వుమన్నాయి, ముక్కులోకి ఆ పులుపు ఎక్కింది, వెంటనే మీ అమ్మ ముంత పట్టుకుని చెట్టు కింద కూర్చున్నట్టు అనిపించింది. అంత మంది మధ్య నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అవని కంగారు పడి, "అమ్మా, తాతకు అలర్జీ వచ్చింది!" అని అరిచింది.

గడ్డం తుడుచుకుంటూ వాల్ట్ వచ్చాడు. గిరిజ అతనికి సంగతి చెప్పింది. అతను ఏదో అడిగాడు.

"నాయినా, అమ్మ తాగేదానికి దీనికి ఏం తేడా ఉన్నదని అడుగుతున్నడు."

"పొద్దు తేడా. ఇది మాపటిది. మీ అమ్మది పగటిదని చెప్పు."

"దాన్ని ఇంగ్లీష్‌ల ఎట్ల చెప్పాలె?"

"ఎట్లనో చెప్పు. ఫార్మసీ చదివినవ్ గద."

గిరిజ చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది. పొద్దున చెట్టు మీద నుంచి దించిన కల్లు తియ్యగా ఉంటుంది, మాపటికి పుల్లగా మారుతుంది. మీ అమ్మకు రెండూ పనికిరావు. పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు, తీపి పోతూ పులుపు వస్తూ ఉన్న ఆ కొంచెంసేపే ఆమెకు కావాలి. అంతకు ముందు పోస్తే "ఇది పాలు" అనేది. తర్వాత పోస్తే "ఇది గోడలకు పుయ్యి" అనేది. వాల్ట్ అది విని తల వెనక్కి వేసి నవ్వాడు. తర్వాత నవ్వలేదు. లోపలికి తీసుకుపోయి పీపాలు చూపించాడు. ఎంత కడిగినా వాటి అడుగున పాత పులుపు ఉంటుంది, అదే కొత్తదాన్ని పులియబెడుతుంది. మన కల్లు కుండ, లొట్టి కూడా అంతే కదా. నేను పీపా మీద చేయి వేసి తల ఊపాను. అతనూ ఊపాడు.

పోయిన ఏడు అక్టోబరులో వాల్ట్ నాలుగు పీపాలు వేరుగా నింపాడు. ఒక్కోదాన్ని ఒక్కో తీరుగా కలిపాడు. నాలుగింటిలో ఒకటైనా మీ అమ్మది అవుతుందన్నాడు. ఏడాది ఆగాలన్నాడు. అప్పటినుంచి శనివారాలు నేను అక్కడికి పోయేది తాగడానికి కాదు. పోయి ఆ పీపాల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాను. వాల్ట్ వచ్చి పక్కన కూర్చుంటాడు. అతని పెండ్లాము కూడా పోయిందట, ఆమె ఫోటో చూపించాడు. ఆమె ఏం తాగేదో నేను అడగలేదు, నాకు ఆ మాటలు రావు.

పోయినవాళ్లకు పెట్టే పెత్రమాస అమావాస్యకు నువ్వు ఏం చేస్తావో నాకు తెలియదు. నేను ఏటా గిరిజ పెరట్లో పెడుతున్నాను. ఒక ఏడు అంగట్లో బీరు. ఒక ఏడు వైను. ఒక ఏడు కొబ్బరినీళ్లలో చక్కెరా ఈస్టూ వేసి నేనే పులియబెట్టాను, సీసా పగిలి గిరిజ గ్యారేజీ అంతా కంపుకొట్టింది. ఏ ఏడూ పిట్ట ముట్టలేదు. పక్కింటివాళ్లు ఎలుకలు వస్తాయని ఊరి ఆఫీసుకు ఫిర్యాదు చేశారు. శ్యామ్‌సుందర్ పోయి ఏదో చెప్పి వచ్చాడు, పాపం, ఒక్క మాట నన్ను అనలేదు.

నవ్వుతావేమో. నవ్వు. కానీ నాకు ఇది ఆట కాదు. నలభై ఆరేళ్లు నాతో కాపురం చేసిన మనిషి. తాను పుట్టని దేశంలో, మాట తెలియని ఊళ్లో పోయింది. వేరే పిట్టల మధ్య, వేరే చెట్ల మధ్య తిరుగుతూ ఉంది. ఆమె ఏనాడూ నన్ను బంగారం అడగలేదు, చీర అడగలేదు. మధ్యాహ్నం ఒక ముంత అడిగేది. అది కూడా నేను అందించలేకపోతున్నాను.

ఇప్పుడు వాల్ట్ దుకాణం మూసేస్తున్నాడు. జనం రావడం తగ్గిపోయింది. కుర్రవాళ్లు డబ్బాల్లో వచ్చే పళ్ల నీళ్లలాంటి సారా తాగుతున్నారట. అక్టోబరు పదకొండు, ఆదివారం, చివరి రోజు. స్టీలు డ్రమ్ములు ఎవరో కొన్నారు. చెక్క పీపాలను సగానికి కోసి పూలమొక్కలు పెట్టుకోవడానికి ఒక మొక్కల దుకాణంవాడు తీసుకుపోతాడు.

పెత్రమాస అంతకు ముందు రోజు, పదో తారీఖు శనివారం. అందుకని వాల్ట్ ఏడాది నిండకముందే సెప్టెంబరు మొదట్లో నన్ను పిలిచాడు. నాలుగు పీపాల నుంచి నాలుగు గ్లాసులు తెచ్చి ఆ చెక్క మీద పెట్టాడు. రోజూ వచ్చే నలుగురైదుగురు చుట్టూ చేరారు. గిరిజ వచ్చింది, అవని ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. నేను అంగీ గుండీలన్నీ పెట్టుకుని పోయాను.

ఇక్కడినుంచి రాసేది ఎవరికీ తెలియదు. గిరిజకు తెలియదు, వాల్ట్‌కు తెలియదు.

మొదటి గ్లాసు తాగాను. నీళ్లు. రెండోది తాగాను. నీళ్లు. మూడోదీ నాలుగోదీ అంతే. చల్లదనం తెలిసింది, నురగ మీసానికి అంటింది, రుచి లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాను. గాజు వాసన కూడా లేదు.

నాకు ముందే తెలుసు చక్రపాణీ. ఫిబ్రవరిలో జ్వరం వచ్చి పదిరోజులు మంచంలో ఉన్నాను కదా, అప్పుడే పోయింది. గిరిజ పెట్టిన పచ్చిపులుసు ఉత్త నీళ్లలాగా ఉంది. బాగుందన్నాను. జ్వరం నోరు, నెమ్మదిగా వస్తుందనుకున్నాను. ఉగాది వచ్చింది, పచ్చడి అందరూ మొహాలు చిట్లించుకుంటూ తాగారు, వాళ్లను చూసి నేనూ చిట్లించాను. ఎండాకాలం పోయింది. పీపాలు తెరిచే నాటికైనా వస్తుందని మొక్కాను, ఎల్లమ్మ తల్లికి కూడా మొక్కాను. రాలేదు.

అందరూ నా మొహం చూస్తున్నారు. వాల్ట్ రెండు చేతులూ బల్లకు ఆనించి వంగి నిలబడ్డాడు. ఏడాది కష్టం అతనిది. ఊళ్లో చెట్లు గీసే రోజుల్లో, కల్లు అమ్మే మండువలో నేను గుక్క తాగి ఇది ఏ చెట్టుదో చెప్పేవాడిని. నా నాలుకను చూసి ఊళ్లోవాళ్లు కల్లు కొనేవాళ్లు. నేను చచ్చిపోయినా నా నాలుక పోయిందని చెప్పను. నా వేలు లేచి మూడో గ్లాసు మీద వాలింది. మూడోదే ఎందుకంటావేమో. అది నా చేతికి దగ్గరగా ఉంది.

"ఇదే" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. వాల్ట్ చుట్టూ తిరిగి వచ్చి నన్ను కౌగిలించుకుని గడ్డమంతా తడి చేసుకున్నాడు. "నాయినా, అమ్మ దొరికింది!" అని గిరిజ ఏడ్చింది. వాల్ట్ మూడో పీపా మీద సుద్దతో ఏదో రాశాడు. పెత్రమాస నాటికి దానిలోంచి నాకు సీసాలు నింపి ఇస్తానన్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో గిరిజను అడిగాను. "నువ్వు కూడ రుచి చూసినవ్ గదా, నీకెట్ల అనిపించింది?"

"నాకేం తెలుస్తది నాయినా? నాలుగూ పుల్లగున్నయ్. చిన్నప్పుడు అమ్మ నోట్ల చుక్కేస్తే ఉమ్మేసేదాన్ని, యాదిలేదా?"

అవనిని అడిగాను. "అన్నీ సేమ్ తాతా. సోర్. కానీ నువ్వు కరెక్ట్‌గా చెప్పావు కదా, అది సూపర్!"

అన్నింటికంటే ఘోరం ఇంకొకటి రాస్తాను. నోటికి రుచి పోతే పోయింది, గుర్తు ఉంటుందనుకున్నాను. ఇప్పుడు కళ్లు మూసుకుని ఆ రుచిని పిలుస్తాను, రాదు. మీ అమ్మ మొహం వస్తుంది, గొంతు వస్తుంది, ముంత పట్టుకున్న చేయి వస్తుంది. ఆ ముంతలో ఏముండేదో రాదు. చెట్టెక్కి దించిన నాకే రాదు. రోజురోజుకూ ఆమె నాకు తక్కువవుతోంది. నేను ఉండి ఏం చేయాలి, దేన్ని కాపలా కాయాలి అని పొద్దున లేవగానే అనిపిస్తుంది. నీ దగ్గర జాలి కోసం ఇది రాయడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఇక ఆ రుచి తెలిసిన నాలుక ఈ లోకంలో ఒక్కటే ఉంది. అది నీ నోట్లో ఉంది.

కాదనకు. నువ్వు పాలు మరవక ముందే మీ అమ్మ ముంతలో వేలు ముంచి నీ నోట్లో పెట్టేది. మొహం వికారంగా పెట్టి మళ్లీ నోరు తెరిచేవాడివి. బడి నుంచి మధ్యాహ్నం తాటివనానికి పరుగెత్తుకొచ్చి ఆమె సగం తాగితే నువ్వు సగం తాగేవాడివి. "వీనికి నా నోరే వచ్చింది, చూడు, పొద్దుటిది పోస్తే తాగడు" అని ఆమె గొప్పగా చెప్పుకునేది. పట్నంలో చదువుకు పోయేదాకా అదే నీకు. ఇప్పుడు నువ్వు ముట్టవు, గుడి కమిటీలో ఉన్నావు, ఆ సంగతులు రేష్మకు తెలుసో తెలియదో నాకు అనవసరం. మర్యాద కోసం ఆపేశావు. కానీ నాలుక మరిచిపోయి ఉండదు. నీకు జ్వరం రాలేదు కదా.

రావాలి. పదో తారీఖుకు ముందు వచ్చి ఆ నాలుగు గ్లాసులు రుచి చూసి, ఏది మీ అమ్మదో నాకు చెప్పాలి. మింగనక్కరలేదు. నాలుక మీద చుక్క వేసుకుని ఉమ్మెయ్యి. ఎవరూ ఫోటో తీయరు, అవని ఫోన్ నేను లాక్కుంటాను. మూడోది కాదని తేలితే వాల్ట్‌కు నేనే చెప్పుకుంటాను, నా సిగ్గు నేను పడతాను. నాలుగింటిలో ఏదీ కాదన్నా సరే, చెప్పు. అబద్ధం మాత్రం చెప్పకు. మీ అమ్మకు ఒకసారి అబద్ధం పోశాం, చాలు.

నా మీద కోపం ఉంటే ఉంచుకో, నా కోపం నేను ఉంచుకుంటాను. మనం మాట్లాడుకోకపోయినా ఫర్వాలేదు. ఎయిర్‌పోర్టుకు శ్యామ్‌సుందర్ వస్తాడు. నువ్వు గ్లాసుతో మాట్లాడితే చాలు.

అక్టోబరు మూడో తారీఖు, శనివారం, పొద్దుగూకే లోపల నాకు జవాబు కావాలి. గిరిజకు మెసేజ్ పెట్టవద్దు. నాకు ఫోన్ చేసి, స్పీకర్ తీసేసి, వస్తానంటే వస్తానను, రానంటే రానను. చూద్దాం, మీటింగు ఉంది, లీవు దొరకదు అనే మాటలు నాకు పనికిరావు. రానంటే నేను మూడో గ్లాసే పెడతాను. పిట్ట ముట్టకపోతే అది బీరు తప్పో, నా వేలి తప్పో, మీ అమ్మకు మన ఇద్దరి మీద ఉన్న కోపమో నాకు తెలియదు. తెలియకుండానే నేనూ పోతాను. అప్పుడు నా పేరు మీద పిట్టకు ఏం పెట్టాలో నువ్వు ఎవర్ని అడుగుతావు?

మూడో తారీఖు. ఫోన్ నా చేతిలోనే ఉంటుంది.

ఇట్లు,
మీ అమ్మ మొగుడు,
నీ నాయిన.